జర్మన్ బడి కంచె మీద మా చుట్టాలు

ఆ రోజు తెల్లవారి మా కారు బడి మిట్ట ఎక్కి మలుపు తిరిగేసరికి, ఎదర కంచె మీద మా గుంట నవ్వుతన్నాది. నిజం గుంటేమో నా పక్క సీట్లో కూచుని గోళ్ళు కొరుక్కుంటన్నాది. గుంట అంటే నా కూతురే లెండి, మా ఇళ్ళల్లో ఆడపిల్లని అలగే అంటాం. కంచె మీది గుంట మొకం మా కారు కంటే పెద్దగున్నాది. పట్టు పరికిణీ, పాపిడిబిళ్ళ, బుగ్గన దిష్టిచుక్క, వెనకాల రెండు నెమళ్ళు. కింద వరసలో మా చుట్టాలందరి తలకాయలు, పాస్‌పోర్టుకి దిగినట్టు బిగుసుకుని. నేను బ్రేకు మీద నిలబడిపోయినాను.

"అమ్మా," అన్నాది మా గుంట, సీట్లోంచి కిందకి జారిపోతూ. "కారు తిప్పు లా. తిప్పేయ్. నాను సచ్చిపోయినాను."

మలేసియా క్లాంగ్‌లో, మాట చివర లా తగిలించుకుని బతికే తెలుగోళ్ళకి జర్మన్ బడితో ఏటి పని అని మీరడగొచ్చు. మా చుట్టాలందరూ అడిగినారు, ఇప్పటికీ పెళ్ళిళ్ళల్లో అడుగుతానే ఉంటారు. మాది సుంగై సుమున్ తోటల్లోంచి వచ్చిన కుటుంబం. మా నాన్న తరం కొబ్బరితోటలో పనిచేసినారు, మా తరం టౌన్లకొచ్చి పడ్డాం. నేనొచ్చి పడింది కౌలాలంపూర్‌లో ఒక మిట్ట మీదున్న జర్మన్ బడి ఆఫీసులో. గేటు తలుపు మీట నొక్కేది నేనే, ఫోనెత్తేది నేనే, కడుపునొప్పని వచ్చిన పిల్లలకి వేడినీళ్ళిచ్చేది నేనే. బస్సు ఇంకా రాలేదని అరిచే తల్లుల మీద తిరిగి అరవకుండా ఉండాల్సింది కూడా నేనే. ఆ ఆఖరి పని నాకిప్పటికీ సరిగ్గా రాదు.

ఆఫీసు పక్కనే పొడుగాటి వరండా ఉన్నాది. ఆ బడి కథంతా దాని గోడ మీదే ఉన్నాది. ఆఖరి పరీక్ష రాసి వెళ్ళిపోయే పిల్లల్ని ఏటేటా ఒక ఫొటో తీసి, చట్రం కట్టి అక్కడ తగిలిస్తారు. మొదటి ఫొటోలో బడి ఇంకా మిట్టెక్కలేదు. ఎవరిదో అద్దె బంగళా, మెట్ల మీద గుప్పెడుమంది పిల్లలు, ఒక మేష్టరు, ఆయన కుక్క. ఇంజనీర్లు వచ్చినారు, ఫ్యాక్టరీలు లేచినాయి, వాళ్ళ పిల్లలకి బడి కావాల్సి వచ్చినాది. నడుస్తా పోతే ఫొటోల్లో పిల్లలు పెరుగుతారు, రంగులొస్తాయి, మగపిల్లల జుట్టు భుజాల మీదకి దిగి మళ్ళీ పైకెక్కిపోతాది. జర్మనోళ్ళ మధ్యలో మెల్లిగా మలయా మొకాలు, చీనా మొకాలు, సగం సగం మొకాలు కనిపిస్తాయి. మా గుంట చిన్నప్పుడు సాయంత్రం నా పని అయ్యేదాకా ఆ వరండాలోనే కూచునేది. ఆఫీసులో పనిచేసేవాళ్ళ పిల్లలకి కూడా చోటిస్తామన్నారు కదాని దాన్ని శిశుతరగతి నుంచీ అక్కడే వేసినాను. ఒక రోజు ఖాళీ గోడ మీద చెయ్యి పెట్టి, "అమ్మా, నా ఫొటో ఇక్కడ" అన్నాది. ఆ చోటికి ఫొటోల వరస చేరేసరికి తనూ పెద్దదైపోయినాది. మొన్నటేడు ఆ చోట నేనే మేకు కొట్టించి ఉంచినాను.

జర్మనోళ్ళతో ఇన్నేళ్ళు మెలిగితే కొన్ని అలవాటైపోతాయి. పొద్దున్నే అందరికీ చెయ్యివ్వాల. బయట ఎండ మండిపోతన్నా సరే, గంటకోసారి కిటికీలన్నీ బార్లా తెరవాల, గాలి మారాలంట. లోపల ఏసీ, బయట కౌలాలంపూర్ గాలి, మధ్యలో నేను! మొదట్లో నేను మూస్తా పోయేదాన్ని, వాళ్ళు తెరుస్తా వచ్చేవాళ్ళు. ఇంకొకటి, ఎవరికైనా మంచి జరగాలని కోరుకుంటే బొటనవేలు గుప్పిట్లో పెట్టి నొక్కుతారు. ఇది తెలీక మొదటేడు పెద్ద టీచరమ్మ రెండు గుప్పిళ్ళూ బిగించి నా ఎదరకొస్తే కొడతాదేమోనని కుర్చీ వెనక్కి జరిపినాను.

అన్నిటికంటే వింత దుప్పట్ల పండగ. అది నేను పెట్టుకున్న పేరే. ఆఖరి పరీక్షల కాలం రాగానే ప్రతీ ఇంటివాళ్ళూ ఒక తెల్ల దుప్పటి తెచ్చి, దాని మీద రంగులతో పిల్ల పేరు రాసి, "నువ్వు చెయ్యగలవు" అని రాసి, పువ్వో ఏనుగో గీసి ఆటస్థలం కంచెకి కడతారు. పరీక్ష రాసే గది కిటికీలోంచి చూస్తే వరసగా అవన్నీ కనిపిస్తాయి. అమ్మానాన్నలే చేత్తో గియ్యాల. ఎంత వంకరగా గీస్తే అంత ప్రేమన్నమాట.

మా గుంట వంతొచ్చింది. రాత పరీక్షలన్నీ బాగానే రాసినాది. మిగిలింది ఒక్క నోటి పరీక్ష, చరిత్రలో. అదే మా ఇంట్లో నిద్రపట్టనీకుండా చేసినాది. ఎంచేతంటే మా గుంట కాగితం మీద పులి. ముగ్గురు పెద్దోళ్ళు ఎదురుగా కూచుని "ఊఁ, చెప్పు" అన్నారంటే చాలు, నోరు పడిపోతాది. ముందుగా ఉత్తుత్తి పరీక్ష ఒకటి పెట్టినారు. అందులో మొదటి నుంచీ చివరిదాకా ఒక్క ముక్క మాటాడలేదు. పాపం ఆ మేష్టరు నీళ్ళిచ్చి, కిటికీ తెరిచి, మళ్ళీ నీళ్ళిచ్చినాడంట.

"జర్మన్ మర్చిపోయినావా?" అన్నాను.

"అన్నీ మర్చిపోతానమ్మా. ఆ టైములో నాకు ఏ భాషా రాదు."

ఆ ఒక్క దాంట్లో సున్నా వస్తే మొత్తం పోయినట్టే. ఏడాది మళ్ళీ చదవాల. తోటి పిల్లలు ఆ మేకుకి తగిలే ఫొటోలో నవ్వుతారు, మా గుంట దాని కింద నించుని చూస్తాది.

సరే, దుప్పటి అన్నా బాగా చేద్దామని హాల్లో తెల్ల దుప్పటి పరిచి, మూలలకి చెప్పులు పెట్టి, నేనూ మా ఆయనా కుంచెలు పట్టుకుని మోకాళ్ళ మీద కూచున్నాం. అప్పుడే మా అన్న వచ్చినాడు. పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ నడుపుతాడు, మనిషి కూడా ఇంచుమించు అంతే ఉంటాడు. గుమ్మంలోనే ఆగిపోయి, చెప్పులు విప్పకుండానే గొంతు తగ్గించి అడిగినాడు.

"ఎవులు పోయినారే?"

"ఎవులూ పోలేదన్నా! గుంట పరీక్షకి. బడి కంచెకి కట్టాల."

"తెల్లగుడ్డా?"

"వాళ్ళ ఆచారం అది."

"సుబమాని పరీచ్చకెల్లే గుంటకి ఎదర తెల్లగుడ్డ కడతారేటే! మీ జర్మనోళ్ళకి తెలీదు, సరే. నీకేటయినాది? మన గుంట దిక్కునేనిదేటి?"

పోట్లాడినాను. మా ఆయన మధ్యలోకి రాకుండా కాబేజీలాటి పువ్వొకటి గీసుకుంటా కూచున్నాడు. చివరికి మా అన్న "సరే సరే, మీ ఇష్టం" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయినాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి మా అన్న ఒకరి మాటకి సరే అన్న మనిషి కాదు.

దుప్పటి కట్టినాం. అందరి దుప్పట్ల మధ్య మా కాబేజీ కూడా ఊగినాది. నోటి పరీక్షకి ముందురోజు సాయంత్రం వాన కురిసినాది చూడండీ, మన కౌలాలంపూర్ వాన, చెప్పా పెట్టకుండా. పది నిమిషాల్లో దుప్పట్లన్నీ కారిపోయినాయి. పేర్లు పోయినాయి, ఏనుగులు పోయినాయి, మా కాబేజీ పచ్చటి మడుగైపోయినాది. ఇంటికెళ్ళి ఆ మాట ఫోన్లో మా అన్నకి చెప్పి ఏడ్చినాను. ఆయన "అయ్యో పాపం" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషముందో నాకప్పుడు తెలీలేదు.

మళ్ళీ కారు దగ్గరకొద్దాం. మా గుంట డాష్‌బోర్డు కింద ముడుచుకుని, నెత్తి మీద పుస్తకాల సంచీ పెట్టుకున్నాది. మా అన్న కంచె దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి అద్దం మీద టకటక కొట్టినాడు. మొకం ఎలిగిపోతన్నాది.

"ఎలగున్నాదే?"

"అన్నా! ఏటిదీ!"

"బ్యానరు. మీ దుప్పటిలాగ కారదు. ఎండకి ఎలిసిపోదు."

మీ వైపు ఫ్లెక్సీ అంటారంట, మేం బ్యానరంటాం. క్లాంగ్‌లో అది లేకుండా మాకు ఏ పనీ అవదు. పేరంటమైనా, పెళ్ళైనా, గుడి పండగైనా పెట్టాల్సిందే.

"విప్పి పారెయ్! ఇప్పుడే!"

"ఇప్పనేవు. కంటైనర్లకి బిగించే పట్టీలతో కట్టినాను. ఓడ మునిగినా ఇది కదలదు."

"గేటులోకి ఎవరు రానిచ్చినారు?"

"ఆపీసు అక్క అన్ననని సెప్పినాను. కాపలా ఆయన సెల్యూట్ కొట్టినాడు."

ఆ ఫొటో ఎక్కడిదనుకున్నారు? మా గుంట సమర్త ఫంక్షనుది! ప్రింటు షాపువాడి కంప్యూటర్లో ఇంకా ఉన్నాదంట, కొత్తది అడిగితే గుంటకి తెలిసిపోతాదని మా అన్న దాన్నే వెయ్యమన్నాడంట. మరి ఈ తలకాయలేటి అని అడిగితే దానికీ కథుంది. మొదట గుంట ఒక్కతే ఉన్నాది. మేనమావని నానుండకపోతే ఎలగని తన మొకం పెట్టించినాడు. అది తెలిసి మా మరిది అలిగినాడు. మా మరిదిని పెట్టేసరికి మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఫోను చేసినాడు. ఆయన్ని పెడితే మా చిన్నన్న వచ్చినాడు. ఆఖర్న మా అన్న కొడుకు నల్లకళ్ళద్దాల ఫొటో తనే తెచ్చి ఇచ్చినాడు. ఇంకొక్క తలకాయ ఎక్కిస్తే గుంట మెడ కొయ్యాలని షాపువాడు అన్నాక ఆగినారంట.

ఇంతలో దాని క్లాసు పిల్లలు వచ్చేసినారు. బ్యానరు ముందు ఒకటే గోల, ఒకటే ఫొటోలు. మా గుంట మరింత కిందకి పోయినాది.

"దిగు," అన్నాను.

"దిగను. నాను పరీక్షకి పోను. పోదుం లా అమ్మా, నన్ను క్లాంగ్ తీసుకెళ్ళిపో."

నాకు కోపమొచ్చినాది, ఏడుపొచ్చినాది, బ్యానరు మీద నెమళ్ళని చూసి నవ్వు కూడా వచ్చినాది. ఏది ముందు చెయ్యాలో తెలీక హారన్ కొట్టినాను. ఆ చప్పుడుకి పెద్ద టీచరమ్మ బయటికొచ్చినాది. ఆవిడ మూరెడు ఎత్తెక్కువ మనిషి. బ్యానరు ముందు నించుని పైనుంచి కింద దాకా చూసినాది, ఒక్కో తలకాయనీ చూసినాది. తర్వాత మా కారు తలుపు తీసి, వంగి, డాష్‌బోర్డు కిందకి చెయ్యి చాపి, రోజూ చెప్పినట్టే "గూటెన్ మోర్గెన్" అన్నాది.

జర్మన్ బడిలో పెరిగిన పిల్ల చాపిన చెయ్యికి చెయ్యివ్వకుండా ఉండలేదు. మా గుంట చెయ్యిచ్చినాది. ఆవిడ వదలకుండా లాగినాది. పన్ను పీకినట్టు బయటికొచ్చేసినాది మా గుంట, సంచీతో సహా. ఆవిడ రెండు బొటనవేళ్ళూ గుప్పిట్లో పెట్టి చూపించి లోపలికి తీసుకుపోయినాది. అది చూసి మా అన్న, "ఏటది?" అన్నాడు. చెప్పినాను. ఆయన వెంటనే తన బొటనవేళ్ళు నొక్కిపట్టినాడు, బ్యానరు కట్టడానికి తోడొచ్చిన మా మరిది చేత కూడా నొక్కించినాడు.

నోటి పరీక్షలకి జర్మనీ నుంచి ఏటేటా ఒక పెద్దాయన వస్తాడు, ఆయన మాటే ఆఖరు. ఆ పొద్దున్న గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి నా బల్ల దగ్గర ఆగినాడు. సందర్శకుల బిళ్ళ మెళ్ళో వేసుకుంటూ, "మీ దగ్గర ఎన్నికలు జరుగుతన్నాయా?" అని ఇంగ్లీషులో అడిగినాడు.

"లేదు సార్."

"మరి ఆ అభ్యర్థి?"

భూమి చీలితే బాగుండుననిపించినాది. "అభ్యర్థే సార్, మీ పరీక్షకి. మా అమ్మాయి," అన్నాను. ఆయన "ఓహో" అని ఒక్క మాటనేసి వెళ్ళిపోయినాడు. ఆ ఓహో ఏ రకం ఓహోనో నాకు తెలీలేదు. అయిపోయినాది, దాని కొంప మేమే ముంచేసినాం, ఇంక ఆయన దాన్ని సరుకు అమ్మే కంపెనీ బొమ్మని చూసినట్టు చూస్తాడనుకున్నాను.

పరీక్ష గదిలో నీళ్ళ జగ్గు పెట్టి నేను బయటికొస్తంటే మా గుంట లోపలికెళ్ళినాది. నా వైపు చూడలేదు. తలుపు మూసుకున్నాది. నేను ఆఫీసుకి పోవాల, పోలేదు. వరండాలో ఆ ఖాళీ మేకు కింద నించుని, బొటనవేళ్ళు నొప్పెట్టేలా నొక్కుకుంటన్నాను. లోపల మేష్టరు గొంతు ఏదో అడిగినాది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మళ్ళీ మేష్టరు గొంతు. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. జగ్గులోంచి నీళ్ళు పోసిన చప్పుడు వినపడ్డాది. దేవుడా, ఒక్క మాట, తప్పైనా పర్లేదు, ఒక్క మాట పలికించు తండ్రీ అనుకున్నాను.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైనాది. పెద్దాయన ఏదో అన్నాడు. చిన్నగా మా గుంట గొంతు వినపడ్డాది. మళ్ళీ ఆయన, మళ్ళీ ఇది, ఈసారి కొంచెం గట్టిగా. ఒక్కసారిగా మా గుంట జర్మన్‌లో ఏదో అరిచినాది! దాని వెనకే ముగ్గురు పెద్దోళ్ళూ పగలబడి నవ్వినారు. పరీక్షలో నవ్వుతారేటి? ఇన్నేళ్ళల్లో ఆ గదిలోంచి నేను నవ్వు విననే లేదు. ఆ తర్వాత మా గుంట గొంతు ఆగలేదు. కొళాయి తిప్పినట్టు పోతానే ఉన్నాది.

లోపల జరిగిందేటో సాయంత్రం కార్లో చెప్పినాది. పెద్దాయన కిటికీ దగ్గరికెళ్ళి బ్యానరు చూపించి, "పరీక్ష కాసేపు పక్కన పెడదాం. ఆ కింద వరసలో మొదటాయన ఎవరు?" అన్నాడంట. దీని నోట్లోంచి తెలుగులో వచ్చేసినాదంట, పెద్దమావ అని. అంటే ఏటని ఆయన అడిగినాడు. అమ్మకి అన్న అన్నాది. పక్కనాయనో? చిన్నాన్న, నాన్నకి తమ్ముడు. ఆయన పక్కనో? పెదనాన్న. మాకైతే వీళ్ళందరికీ ఒకే మాటుంది, మీకెందుకిన్ని అన్నాడు ఆయన. మరి మామయ్య పిల్లల్ని పెళ్ళి చేసుకోవచ్చు, చిన్నాన్న పిల్లలు తోబుట్టువులు కదా, అందుకే వేరే వేరే పిలవాలని ఇది చెప్పినాది. ఆయన చివర్నున్న నల్లకళ్ళద్దాల మొకం వైపు వేలు చూపించి, "మరి ఈ అబ్బాయి?" అన్నాడు.

"పెద్దమావ కొడుకు. బావ."

"అంటే నువ్వు ఇతన్ని..."

"నేను చేసుకోను!" అని అరిచినాదంట మా గుంట. నేను విన్న అరుపు అదే.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఇంతమంది ఇక్కడికి ఎలగొచ్చినారని పెద్దాయన అడిగినాడు. దాని ముందున్న కాగితంలో ప్రశ్న కూడా అలాటిదే, పల్లెలొదిలి జనం జర్మనీ గనులకి, ఫ్యాక్టరీలకి ఎందుకు పోయినారని. మా గుంట విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కించి, సుంగై సుమున్ కొబ్బరితోటలో దింపి, అక్కణ్ణించి జర్మనీ గనుల్లోకి తీసుకుపోయి, అందర్నీ మాటల్లోనే తిప్పి తెచ్చినాది. మేష్టరు గడియారం చూసుకుని "చాలు" అంటే, "ఇంకొకటి చెప్తాను" అన్నాదంట! మా గుంట!

ఆ మధ్యాహ్నమే గట్టెక్కినాదని చెప్పినారు. నేను ఆఫీసులో నా బల్ల కిందకి వంగి ఏడ్చినాను, ఎవరో వచ్చి కిటికీలు తెరిచినారు. మా అన్న అప్పటిదాకా గేటవతలే ఉన్నాడు. చెబుదామని పరిగెత్తితే, ఆయన బొటనవేళ్ళు ఇంకా గుప్పిట్లోనే ఉన్నాయి. విప్పొచ్చా అని అడిగినాడు.

ఫొటో దిగే రోజు ఆ పిల్లలు వరండా మెట్లొద్దన్నారు. మాసిన దుప్పట్లు తీసేసినాం, మా బ్యానరు ఎవరూ విప్పలేకపోయినారు కదా, దాని ముందే దిగుతామన్నారు. మా గుంట "ఐయో వద్దు లా" అని ఒకసారి అన్నాది, రెండోసారి అనలేదు. అలగ అద్దె బంగళా మెట్ల దగ్గర మొదలైన ఆ బడి గోడ మీదకి నెమళ్ళతో సహా మా చుట్టాలెక్కినారు. నేనే పట్టుకెళ్ళి ఆ మేకుకి తగిలించినాను. అప్పుడు చూసుకున్నాను. మా మరిది కనిపిస్తన్నాడు, బావగారు కనిపిస్తన్నారు, నల్లకళ్ళద్దాలోడైతే అందరికంటే బాగా కనిపిస్తన్నాడు. మా అన్న ఒక్కడే లేడు. ఆయన మొకం సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ మా గుంట తల అడ్డొచ్చినాది.

చూపించకుండా దాద్దామనుకున్నాను గాని మా అన్న ఊరుకుంటాడా, తెల్లచొక్కా వేసుకుని మరీ వచ్చినాడు. చెప్పులు గుమ్మంలో విప్పి, వరండా అంతా ఒక్కో ఫొటో చూసుకుంటా ఆఖరి దాని ముందు ఆగినాడు. వెతికినాడు. మళ్ళీ వెతికినాడు. ఇంక పెడతాడు గోల, బడంతా వినపడతాదని నేను సిద్ధంగా నించున్నాను.

"నానేడే?"

వేలుతో చూపించినాను. "గుంట తల వెనకాల."

వంగి, గుంట తల దగ్గర మొకం పెట్టి చూసినాడు.

"దానెనకాలున్నాను కదా," అన్నాడు. "మరింకేటి కావాల."

కళ్ళు తుడుచుకోడానికి నాకు కనపడకుండా అటు తిరిగి, చట్రం రెండుసార్లు లాగి, మేకు గట్టిగున్నాదో లేదో చూసుకున్నాడు.